నీళ్ళు పోసిన చెయ్యి

పెద్దమ్మ పోయిందన్న మాట నాకు మొదట వినబడలేదు. ఖమ్మంలో నేను పనిచేసే సర్కారు ఆఫీసు కిటికీ కిందనే ఒక టెంటు ఉంటుంది. అందులో రోజూ ఎవరో ఒకరు ధర్నా చేస్తుంటారు. ఆ రోజు మైకును మా కిటికీ వైపే తిప్పి కట్టారు. ఫోనులో నాన్న ఏదో అంటున్నాడు, కింద "వెంటనే పరిష్కరించాలి" అంటున్నారు. ఒక చెవి మూసుకుని "ఏంది నాన్నా, మళ్ళ చెప్పు" అన్నాను. మళ్ళీ చెప్పాడు. అదీ వినబడలేదు. చివరికి ఆయన గొంతు పెంచి "మీ పెద్దమ్మ పోయిందే!" అని అరవాల్సి వచ్చింది. చావు కబురు అలా అరిచి చెప్పాల్సి వచ్చినందుకేమో, ఆయన వెంటనే ఫోను పెట్టేశాడు. మైకు ఒక్కటే మాట్లాడుతూ ఉంది.

పెద్దమ్మ బతికి ఉండి ఈ సంగతి వింటే నవ్వేది. ధర్నా అంటే ఏమిటో నేను నేర్చుకున్నది ఆమె దగ్గరే. ఆమె నేర్పిన ధర్నాలో అరుపే లేదు.

ఆమె మా అమ్మకు అక్క. మొగుడు పోయాక పుట్టినింటికి పోకుండా చెల్లెలి ఊరికి వచ్చి, మా ఇంటి పక్కనే రెండు గదుల మట్టింట్లో ఉండిపోయింది. మా ఊరు దమ్మపేట దాటి, చేలు అయిపోయి అడివి మొదలయ్యే చోట ఉంటుంది. పొద్దున కూలికో చేనుకో పోయేది, మధ్యాహ్నం నీడపట్టున కూర్చుని మోదుగాకులతో విస్తర్లు కుట్టేది. కుట్టే పుల్లల్ని పళ్ళ మధ్య పెట్టుకునే అలవాటు. అందుకని ఆమె మాటలు సగం పుల్ల పక్కనుంచి వచ్చేవి. నిజంగా ముఖ్యమైన మాట చెప్పాల్సి వస్తేనే పుల్ల తీసేది. మేము ఆమె మాట కంటే ముందు పుల్ల ఎక్కడుందో చూసుకునేవాళ్ళం.

ఇంకో అలవాటు బస్సు. మా ఊరికి పొద్దునొకసారి, సాయంత్రమొకసారి ఎర్రబస్సు వచ్చేది. పెద్దమ్మకు దాంట్లో ఎక్కే పని ఎప్పుడోగాని ఉండేది కాదు. అయినా అది "మా బస్సు". ఎండాకాలం తునికిపండ్లు, వానలు వెనకబట్టాక సీతాఫలాలు, ఆకు దొన్నెలో పెట్టి డ్రైవరుకు ఇచ్చేది. "పైసలిచ్చి ఎక్కేటోళ్ళు బస్సుకు చుట్టాలు కాదు బిడ్డా. ఎదురు చూసేటోళ్ళే చుట్టాలు" అనేది.

ఇక ఆమె చెంబు. ఒక పక్క సొట్టపడిన ఇత్తడి చెంబు. రోజూ చింతపండుతో తోమి, గడప మీద బోర్లించేది. దానితో మంచినీళ్ళు తాగేది కాదు, స్నానానికి వాడేది కాదు. అది ధర్నా చెంబు.

ధర్నా అన్న మాట మా ఊరికి ఎప్పుడు వచ్చిందో తెలియదు. ఏ జెండా పట్టుకున్నవాళ్ళ నోటినుంచో వచ్చి ఉంటుంది. కానీ మాట వచ్చేనాటికే పని ఉంది. కొత్త మాటను తెచ్చి పాత పనికి తొడిగారు, అంతే. ఒకరి గొడ్లు ఇంకొకరి చేలో పడ్డా, కోడల్ని పుట్టింటికి పంపకపోయినా, అన్యాయం జరిగిన ఇంటి ఆడమనిషి తెల్లవారేసరికి అవతలివాళ్ళ గడప ముందు కూర్చునేది. ముఖం ఇంటివైపు. ముందు ఖాళీ చెంబు. తిట్టకూడదు, శాపనార్థాలు పెట్టకూడదు. ఆమె కూర్చున్నంతసేపు ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఆమె కూడా తినదు. ఆ ఇంటి పెద్ద బయటికి వచ్చి, తన చేత్తో ఆ చెంబులో నీళ్ళు పోయాలి. పోశాడంటే 'నీ గోడు విన్నాను, ఇక నాది పూచీ' అని. ఆమె తాగి, చెంబు బోర్లించి, లేచి వెళ్ళిపోతుంది. తర్వాత అడగడాలు లేవు. పోసి కూడా తప్పినవాణ్ణి 'నీళ్ళు తప్పినోడు' అంటారు. ఆ పేరు పడ్డ ఇంట్లో దూపై నోరెండినా ఎవరూ చెంబు ముట్టరు.

నేను మొదట చూసిన ధర్నా మా ఇంటిమీదే.

పది పాసయ్యాను. బస్సు డిపో ఉన్న టౌనులో జూనియర్ కాలేజీ ఉంది. ఆడపిల్లకు పది చాలని నాన్న అన్నాడు. తెల్లారి తలుపు తీస్తే ఎదురుగా పెద్దమ్మ. ముందు చెంబు.

"ఏంది వదినె గిది, పొద్దుగాల పొద్దుగాల?" అన్నాడు నాన్న.

"కండ్లు కనబడ్తలేవా మరిదీ? ధర్న."

"ఇంట్ల మనిషివి. లోపటికొచ్చి మాట్లాడరాదు?"

"లోపట మాట్లాడి మాట్లాడే ఈడ కూసున్న."

నాన్న ఖాళీ కడుపుతో చేనుకు పోయి, ఖాళీ కడుపుతోనే తిరిగొచ్చాడు. పొయ్యిలో పిల్లి పడుకుని ఉంది. "నీకన్న ఆకలైతలేదానే?" అని అమ్మను అడిగాడు. "మా అక్క తినంది నేనెట్ల తింట?" అంది అమ్మ. ఆకలితో ఉన్న మనిషి ముఖంలో అంత సంతోషాన్ని నేను మళ్ళీ చూడలేదు. పొద్దు వాలుతుండగా నాన్న బిందె ఎత్తి, సగం నీళ్ళు నేల మీదే ఒలకబోస్తూ చెంబు నింపాడు.

"బస్సుంది కాబట్టి పంపుతున్న. బస్సు బందయిననాడు నన్నడగొద్దు."

పెద్దమ్మ నోట్లో పుల్ల తీసింది. నీళ్ళన్నీ తాగింది. "బస్సు సంగతి నాకిడిసిపెట్టు" అంది.

ఆ మాట ఆమెను ఎంత దూరం నడిపిస్తుందో ఆ రోజు మాకెవరికీ తెలియదు.

మరుసటి వానాకాలం ఊరి ముందరి వాగు దారిని కోసేసింది. బస్సు ఆగిపోయింది. వాగు నీరు తీసింది, బస్సు మాత్రం రాలేదు. మెయిన్ రోడ్డు దాకా అడివిదారిన నడవాలి. నాతోపాటు కాలేజీకి పోయే ఆడపిల్లలు ఒక్కొక్కరే మానేశారు, చివరికి నేనొక్కదాన్నే మిగిలాను. నాన్న రోజూ సాయంత్రం వాగు దగ్గరికి వచ్చి నిలబడేవాడు. పుస్తకాలు అందుకుని ముందు నడిచేవాడు. ఒకనాడు మాత్రం, నా చేతిలో చెప్పులు చూసి, "ఇగ చాల్తీయ్ బిడ్డా. బస్సొస్తే పో, లేకుంటే ఇంటికాడుండు" అన్నాడు. కోపంగా అంటే ఎదురు చెప్పేదాన్ని. అలిసిపోయిన గొంతుతో అన్నాడు.

పెద్దమ్మ విన్నది. గడప మీద చెంబు తీసింది.

డిపో ముందు ధర్నా అనగానే, ఎక్కడినుంచి వచ్చాడో ఒక చోటా నాయకుడు ట్రాక్టరు తెచ్చాడు, జెండాలు తెచ్చాడు. ఊరి ఆడవాళ్ళమంతా డిపో గేటు ముందు కూర్చున్నాం. వానలు వెనకబట్టి ఎండ సుర్రుమంటోంది. ఆయన నినాదం అందిస్తున్నాడు, మావాళ్ళు నవ్వాపుకుంటూ అంటున్నారు. పెద్దమ్మ నోట్లో పుల్ల. ముందు చెంబు, ఒళ్ళో మోదుగాకులు. విస్తరి కుడుతోంది.

"అమ్మా, గా ఆకులు పక్కకు పెట్టు. ఫోటోల బాగుండది" అన్నాడు నాయకుడు.

"ఆకులు ఎండిపోతయ్ కొడుకా. నువ్వు కానీయ్."

కాసేపటికి డిపో మేనేజరు బయటికి వచ్చాడు. కృష్ణా జిల్లా వైపు యాస. జెండాల్ని చూడలేదు, నాయకుణ్ణి చూడలేదు. ముందు వరసలో పెద్దమ్మను చూసి, "పెద్దావిణ్ణి ఈ ఎండలో కూర్చోబెట్టారేంటండీ?" అన్నాడు. ఖాళీ చెంబు కనిపించింది. చేతిలో ఉన్న తన సీసా మూత తీసి, వంగి, చెంబులోకి వంచాడు.

మా ఊరి ఆడవాళ్ళంతా ఒక్కసారిగా మాట ఆపేశారు. నీళ్ళు పడే చప్పుడు వినబడింది.

పెద్దమ్మ పుల్ల తీసి, గుక్క తిప్పుకోకుండా తాగింది. చెంబు బోర్లించింది. "లేవుండ్రి" అంది.

అందరం లేచాం.

"ఏంది, ఏంది లేసుడు? ఇంక పేపరోళ్ళు రాలే!" నాయకుడు అడ్డంపడ్డాడు.

"సారు నీళ్ళు పోసిండుగద" అంది మా పక్కింటి అత్త.

"నీళ్ళు పోస్తే?"

"పోస్తే ఏంది? అయిపాయె."

మేనేజరు ఒకసారి మావైపు, ఒకసారి తన సీసా వైపు చూసుకుని లోపలికి పోయాడు. ట్రాక్టరులో తిరుగుదారంతా రేపటి బస్సులో ముందు సీటు ఎవరిదన్నదే మాట.

తెల్లారి పుస్తకాలు పట్టుకుని వాగు ఒడ్డున నిలబడ్డాను. పక్కన పెద్దమ్మ, దొన్నెలో సీతాఫలాలు. బస్సు రాలేదు. ఆ మర్నాడూ నిలబడ్డాం. ఇంటి కిటికీలో పెట్టిన సీతాఫలాలు మెత్తబడి, పగిలి, చీమలు పట్టాయి. ఆమె వాటిని పారెయ్యలేదు, ఎవరికీ ఇవ్వలేదు.

ఊరు ఊరుకుంటుందా? బోరింగు దగ్గర ఎత్తిపొడుపులు మొదలయ్యాయి. "టౌను నీళ్ళు తియ్యగున్నయా అక్కా?" అని ఒకామె. "గుక్కెడు నీళ్ళకు ఊరు ఊరంతటిని లేపుకొచ్చె" అని ఇంకొకామె, వినబడేలా. పెద్దమ్మ బిందె నింపుకుని వచ్చేది. ఒకరు మేనేజరును 'నీళ్ళు తప్పినోడు' అన్నప్పుడు మాత్రం బిందె దించి, "గా మాట తియ్యకు. తొందరపడి అనే మాటనా అది?" అని గట్టిగా అంది.

ఆ రోజు నేను ఆమెతో అన్నాను: "పెద్దమ్మా, ఆ సారుకు మన పద్ధతి తెల్వదు. దూపైతుందేమో అని పోసిండు."

చాలాసేపు విస్తరి కుట్టింది. మా ఊళ్ళో పుట్టి పెరిగిన ఎవరికైనా ఆ మాట తోచడం కష్టం. ధర్నా చెంబులో నీళ్ళు ఊరికే నీళ్ళుగా కూడా పోస్తారని. చివరికి పుల్ల తీసింది.

"తెల్వకపోతే తెలిపితే అయిపాయె. లే, పోదాం."

ఈసారి జెండాల్లేవు, ట్రాక్టరు లేదు. ఇద్దరమే నడిచి, రోడ్డెక్కి, జీపులో ఇరుక్కుని పోయాం. మేనేజరు గదిలో ఫ్యాను తిరుగుతోంది. పెద్దమ్మ చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళింది.

"సారూ, మీరు నాకు నీళ్ళు పోసిండ్రు."

"పోశానమ్మా. ఎండలో ఉన్నారని పోశా. ఏమైంది, ఒంట్లో బాలేదా?"

"పోసినంక బస్సు రావాలె."

ఆయన నవ్వాడు. నేను మా ఊరి పద్ధతి విడమరిచి చెప్పాను. చెంబు, పొయ్యి, పూచీ, అన్నీ. చెబుతుంటే ఆయన నవ్వు తగ్గుతూ వచ్చింది. కాసేపు టేబులు మీది గాజు పలకను వేలితో తుడిచాడు.

"నిజం చెబుతున్నానమ్మా. నాకీ సంగతి తెలీదు. తెలిస్తే పోసేవాణ్ణి కాదు."

"అవ్. పోసేటోనివి కాదు" అంది పెద్దమ్మ. "గని పోసినవ్."

ఆయన తప్పించుకోవాలనుకుంటే ఎంత సేపు? అటెండరును పిలిస్తే చాలు. కానీ ఆ మనిషి కుర్చీలో వెనక్కి జారి, అసలు సంగతి చెప్పాడు. వాగు దగ్గర దారి తెగింది, డ్రైవర్లు రానంటున్నారు, రోడ్డు తన చేతిలో లేదు.

"గా ముచ్చట ఆనాడే చెప్పొద్దా? తట్టలు మాకాడున్నయ్."

తర్వాత ఊరంతా తెగిన దారికి మొరం మోసింది. ఎత్తిపొడిచినవాళ్ళూ మోశారు. నాన్న చేను పని వదిలి వచ్చాడు. రాళ్ళు పరిచి, మొరం పోసి, నీళ్ళు చల్లి తొక్కాం. బస్సు వచ్చింది. నా ఇంటర్ అయిపోయేదాకా వస్తూనే ఉంది. సీతాఫలాల్లో ఆ ఏటి చివరి కాపు మేనేజరు గారికే చేరింది, డ్రైవరు చేతుల మీదుగా.

ఇక్కడితో ఆపితే బాగుండును. ఇలాంటి కథల్ని బస్సు వచ్చిన దగ్గరే ఆపుతారు.

ఆ మేనేజరు బదిలీ అయ్యాడు. మరో వానకు వాగు మళ్ళీ కోసింది. బస్సు మళ్ళీ ఆగింది. నేను అప్పటికే ఖమ్మంలో డిగ్రీ, హాస్టలు. నాకిక ఆ బస్సుతో పని లేదు. నా వెనక పిల్లలకు ఉంది. పెద్దమ్మ చెంబు తీసుకుని పోయింది. డిపో ఆఫీసుకు ఇప్పుడు గాజు తలుపు. కొత్త సారు బయటికి రాలేదు. దరఖాస్తు పెట్టెలో వెయ్యమన్నారు. కాపలా అతను జాలిపడి నీళ్ళు తెస్తే, "నువ్వు కాదు కొడుకా పోసేది" అని చెంబు మీద చెయ్యి అడ్డం పెట్టిందట. పొద్దుగుంకేదాకా కూర్చుని, ఖాళీ చెంబుతో తిరిగొచ్చింది. మళ్ళీ పోయింది. మళ్ళీ అదే.

డిగ్రీలో నాకు ధర్నా అంటే క్లాసు లేదని అర్థం. స్కాలర్‌షిప్పుల కోసం మేమూ రోడ్డెక్కాం. రాస్తారోకోలు, బందులు, రిలే దీక్షలు... పేపరులో వీటికి వేరువేరు పేర్లుంటాయిగాని ఫోటో ఒక్కటే. ధర్నా అంటే పట్టుకుని ఉండడమని మా హిందీ మేడం ఒకసారి చెప్పింది. అది పెద్దమ్మకు చెబితే, "మరి మీరేం పట్టుకుంటరు, మైకా?" అంది.

కంటి ఆపరేషన్‌కు ఖమ్మం వచ్చినప్పుడు ఆమెకు మా ఆఫీసు చూపించాను. అప్పటికి నేను అక్కడ కాంట్రాక్టు మీద కంప్యూటరు ఆపరేటరుగా చేరాను. కింద టెంటులో ఎవరో ఉద్యోగులు కూర్చున్నారు. పదకొండుకు వచ్చారు, మధ్యాహ్నం డబ్బాలు విప్పి తిన్నారు, సాయంత్రం జంపఖానాలు మడిచారు. మా ఆఫీసువాళ్ళెవరూ కిటికీ దగ్గరికైనా పోలేదు. పెద్దమ్మ పచ్చ గుడ్డ కింద ఒక కన్నుతో అంతా చూసింది.

"రేపు గూడొస్తరా?"

"రేపు వేరేవాళ్ళొస్తరు."

"ఆల్లు తిన్నరు. మీరూ తిన్నరు" అంది. "గిది ధర్న కాదు బిడ్డా. హాజరు."

నాకు నవ్వొచ్చింది, కొంచెం కోపమూ వచ్చింది. "మరి నువ్వెందుకు పోతవ్ ఆ డిపోకు? ఆ గాజు తలుపు తీసేటోళ్ళు లేరు. నిన్ను చూసేటోళ్ళే లేరు. ఇగ బంద్ చెయ్."

ఆమె నోట్లో ఆ రోజు పుల్ల లేదు. "బిడ్డా, కోపమొస్తే అరుస్తం, ఒర్లుతం. మనోళ్ళనుకుంటేనే గడప ముందల కూసుంటం. నేను పోవుడు బంద్ చేస్తే, ఆల్లు మనోళ్ళు కాదని ఒప్పుకున్నట్టేనాయె."

తర్వాత ఇంకో మాట, నాకోసం కాదన్నట్టు, తనలో తాను: "గని అలిసిపోయిన."

కబురు విన్న రోజు నేను మెయిన్ రోడ్డు మీద దిగి అడివిదారిన నడిచాను. జ్వరం, నాలుగు రోజుల నీరసం, వయసు. అంతకంటే ఆమె చావుకు కథ లేదు. బస్సుంటే బతికేదని నేను చెప్పను. ఆమెకు అబద్ధం గిట్టదు. వాగు దాటుతుంటే పాదాల కింద మేము పరిచిన రాళ్ళు కొన్ని ఇంకా గట్టిగానే ఉన్నాయి. నేను చేరేసరికి ఆమెను తీసుకుపోయారు, వాకిలి ఊడ్చేశారు. కార్యం నాడు ఆమె కుట్టి దొంతర పెట్టిన విస్తర్లలోనే అందరం తిన్నాం. గడప మీద చెంబు బోర్లించే ఉంది. తీసుకుపొమ్మని అమ్మ అంది. దాన్ని ఎత్తడానికి నా చెయ్యి రాలేదు.

మొన్న మళ్ళీ డ్యూటీలో చేరాను. టెంటులో ఆ రోజు ఎవరో అడివి పల్లెల ఆడవాళ్ళు. వాళ్ళకు మైకు లేదు, వాళ్ళను తీసుకొచ్చిన నాయకులు పొద్దున ఫోటోలు దిగి వెళ్ళిపోయారట. నీడ చాలక ఒక ముసలమ్మ టెంటు బయట, ఎండలో కూర్చుని ఉంది. ముఖం మా ఆఫీసు వైపు. ముందు ఖాళీ స్టీలు గ్లాసు. దాని అర్థం మా ఊరి అర్థమో, ఊరికే గ్లాసో నాకు తెలియదు.

మధ్యాహ్నం నేను కిందికి దిగినప్పుడు నా చేతిలో నీళ్ళ సీసా ఉంది. నేను ఈ ఆఫీసు పెద్దను కాను. వచ్చే మార్చి తర్వాత నా కాంట్రాక్టు ఉంటుందో లేదో నాకే తెలియదు. పొయ్యకుండా పోతే దూపతో ఉన్న మనిషిని దాటిపోయినట్టు. పోస్తే... 'తెలిస్తే పోసేవాణ్ణి కాదు' అన్న ఆ సారు మాట గుర్తొచ్చింది. నాకు తెలుసు.

మూత తీసి, వంగి, పోశాను. ముసలమ్మ గ్లాసు వైపు చూడలేదు. నా ముఖంలోకి చూసింది.

"ఏ ఊరవ్వా మీది? ఏం కావాల్నని వచ్చిండ్రు?" అంటూ ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. అక్కణ్ణుంచి తలెత్తితే పైన మా కిటికీ కనిపించింది. కిటికీ అంచు పైన, మెల్లగా తిరుగుతున్న ఫ్యాను కింద, నా ఖాళీ కుర్చీ వీపు.